ప్రసన్నకు, ఇంటి నుంచి పని గురించి

చి. ప్రసన్నకు మావయ్య ఆశీస్సులు.

రోజుకి పదమూడు గంటలు లాప్‌టాప్ ముందే గడిచిపోతున్నాయని రాశావు. పొద్దున్న 9:30కి హైదరాబాద్ టీమ్‌తో మొదలుపెట్టి, రాత్రి 10:30కి న్యూజెర్సీ వాళ్లతో ముగిస్తే అంతే అవుతుంది మరి. రెండు ఊళ్ల ఆఫీసు వేళలూ కాకినాడలో నీ ఒక్కదాని నెత్తిన పడ్డాయి.

ముందు ఆఖరు గంట తేల్చుకో, మొదలు సంగతి తర్వాత. న్యూజెర్సీలో ఉదయం 9 అంటే వేసవిలో మనకు సాయంత్రం 6:30. వాళ్లతో నాలుగు గంటలు కలిస్తే చాలు. 10:30కి మూసెయ్యి. వెనక్కి తొమ్మిది గంటలు లెక్కపెడితే నీ పని మధ్యాహ్నం 1:30కి మొదలవ్వాలి, రాత్రి భోజనం కూడా అందులోనే. పొద్దుటి మీటింగును 2 గంటలకు జరపమని అడుగు. ఒప్పుకోకపోతే వారానికి రెండు రోజులు పొద్దున ఆ మీటింగులో కూర్చుని, మిగతా రోజులు నాలుగు ముక్కలు రాసి పంపు. పొద్దున నాలుగు, రాత్రి నాలుగు గంటలుగా విడగొట్టుకోమని కొందరు చెబుతారు. అది నాకు నచ్చదు. మధ్యాహ్నం ఖాళీ అనుకున్న వేళలోనే "ఒక్క నిమిషం" అంటూ మెసేజీలు వస్తాయి, ఆ ఐదు గంటలూ ఇటు పనికీ అటు ఇంటికీ కాకుండా పోతాయి.

నవంబరులో ఇంకో చిక్కుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. అప్పుడు వాళ్ల 9 మనకు 7:30 అవుతుంది. ముగింపు దానంతటదే 11:30కి జారుతుంది, మొదలు మాత్రం ఎవరూ జరపరు. చలికాలమంతా రోజుకో గంట అలాగే పోతుంది. ఆ సోమవారం నుంచే 2:30కి కూర్చో.

మేనేజరుకి "చాలా కష్టంగా ఉందండీ" అని చెప్పకు, దానికి ఆయన చెయ్యగలిగేది ఏమీ ఉండదు. "10:30 తర్వాత వచ్చిన మెసేజీ మర్నాడు 1:30కి చూస్తాను, కస్టమర్లు వాడే సిస్టమ్ ఆగిపోతే ఫోన్ చెయ్యండి" అని మెయిల్లోనే రాయి. మెసేజీ వేరు, ఫోన్ వేరు అని తేలితే సగం అర్జెంటులు వాటంతటవే తగ్గుతాయి. పని వేళలు దాటాక ఆఫీసు మెసేజీలకు దూరంగా ఉండే హక్కుకి ఫ్రాన్స్‌లో 2017 నుంచి చట్టమే ఉంది. మనకు లేదు కాబట్టి మాట ముందే అనుకోవాలి. ఫోన్లో కంపెనీ వాళ్లు వర్క్ ప్రొఫైల్ (ఆఫీసు యాప్‌లను విడిగా ఉంచే భాగం) పెట్టి ఉంటే రాత్రి దాన్ని ఆపెయ్యి, ఆఫీసు యాప్‌లన్నీ ఒక్కసారే ఆగుతాయి. లేకపోతే మెసేజీలు వచ్చే టీమ్స్ యాప్‌లో నోటిఫికేషన్లు రాని వేళలు పెట్టుకో. కాలెండరులో పని వేళలు పెట్టడం మంచిదే గానీ, అది పిలిచేవాళ్లను హెచ్చరిస్తుందంతే, ఆపదు.

ఇంట్లోవాళ్ల సంగతి. నువ్వు లాప్‌టాప్ చూస్తుంటే కాల్‌లో ఉన్నావో ఖాళీగా ఉన్నావో అత్తయ్యగారికి ఎలా తెలుస్తుంది? తలుపు పూర్తిగా వేసి ఉంటే కాల్, ఓరగా ఉంటే రావచ్చు అని చెప్పు. కాల్ అయిన మరుక్షణం తలుపు తియ్యి. రోజంతా మూసి ఉంచితే వారంలో ఆ గుర్తుకి విలువ పోతుంది. బాబు బడి నుంచి వచ్చే 4 గంటలకు అరగంట కాలెండరులో "బిజీ" అని పెట్టు. కారణం రాయనక్కర్లేదు. రాత్రి అన్నం 8:30కి, కాల్స్ మధ్యలోనే, అందరితో కూర్చుని తిను. 10:30 దాకా ఆగితే తినీ తినగానే పడుకోవాల్సి వస్తుంది. సాయంత్రం 6 దాటాక కాఫీ, టీ మానెయ్యి. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది.

ముగించే ముందు పావుగంట ఉంచుకో. ఎక్కడ ఆపావు, రేపు మొదట ఏం ముట్టాలి, ఎవరి జవాబు రావాలి అని మూడు లైన్లు రాసిపెట్టు. అవి బుర్రలో తిరుగుతుంటే నిద్ర రాదు. తర్వాత లాప్‌టాప్ బీరువాలో పెట్టెయ్యి. బల్ల మీద కనిపిస్తుంటే చెయ్యి ఊరుకోదు.

మెడ నొప్పి మాత్రం పూర్తిగా డైనింగ్ టేబుల్ పుణ్యమే. అది సుమారు 30 అంగుళాల ఎత్తుంటుంది, దాని మీద లాప్‌టాప్ పెడితే తల వంగుతుంది, భుజాలు లేస్తాయి. తెర పై అంచు కంటికి సమంగా వచ్చేదాకా కింద పుస్తకాలు పేర్చు, కీబోర్డు, మౌస్ విడిగా కొను. అవి లేకుండా తెర ఎత్తితే మణికట్లు పోతాయి. మోచెయ్యి బల్లకు సమంగా రావడానికి కుర్చీలో దిండు వేస్తే, నీ ఎత్తుకి పాదాలు నేలకు అందవు. కింద పీట కావాలి. దిండు మీద కూర్చుని, మోకాలి దగ్గర తొడ కింద నుంచి నేల దాకా, పాదం నుంచి నేల దాకా రెండు కొలతలూ రాసి పంపు. పీట ఇక్కడే చేయించి, వచ్చే ఆదివారం బస్సులో వేయిస్తాను.

మీ మావయ్య