సూర్యుడికి గుడి కట్టిన రోజు ఫోన్‌ను ఎలా పట్టుకోవాలి?

ఈసారి వచ్చిన సందేహాల్లో నాలుగు ఆకాశం గురించినవే కాబట్టి వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను. వీటిలో మొదటిదానికి ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే అది అర్థమైతే మిగతా మూడింటిలో సగం పని అయినట్టే.

ప్రశ్న: మిట్ట మధ్యాహ్నం సూర్యుడి చుట్టూ పెద్ద వలయం కనిపించింది. ఫోన్‌తో తీస్తే మధ్యలో తెల్లటి మచ్చ, పక్కన ఆకుపచ్చ చుక్కలు వచ్చాయే తప్ప వలయం సరిగా రాలేదు. కెమెరా పాడైందా? మా అమ్మమ్మ దాన్ని చూసి ‘గుడి కట్టింది, వాన వస్తుంది’ అంది. అందులో నిజం ఉందా? (కర్నూలు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ కెమెరా బాగానే ఉంది. మీ అమ్మమ్మగారు వాడిన మాట కూడా సరైనదే. సూర్యుడికో చంద్రుడికో కట్టే ఈ వలయాన్ని మనవాళ్లు గుడి అనీ, వరదగుడి అనీ ఎప్పటినుంచో పిలుస్తున్నారు. ఆరు కిలోమీటర్లకు పైన పల్చటి తెరలా పరుచుకున్న మేఘంలో ఆరు పలకల మంచు స్ఫటికాలు తేలుతుంటాయి. వాటి ఒక ముఖంలోంచి దూరి మరో ముఖంలోంచి బయటికి వచ్చే కిరణం కనీసం 22 డిగ్రీలు వంగుతుంది. అంతకంటే తక్కువ వంగే కిరణం లేదు కాబట్టే వలయం లోపలి ఆకాశం కాస్త నల్లబడినట్టు ఉంటుంది, లోపలి అంచు ఎర్రగా, స్పష్టంగా కనిపిస్తుంది. చేయి పూర్తిగా చాచి, బొటనవేలి కొసను సూర్యుడి మీద ఉంచి జాన పట్టి చూడండి, చిటికెన వేలు ఇంచుమించు వలయాన్ని తాకుతుంది. 2021 మే 24న బెంగళూరులోనూ, జూన్ 2న హైదరాబాద్‌లోనూ జనం మేడలెక్కి చూసిన వలయాలు ఇవే.

ఇక ఫొటో సంగతి. ఫోన్‌లో వెలుతురును కొలిచే మీటర్ తన ముందున్న దృశ్యమంతా మధ్యస్థమైన వెలుతురులో ఉంటుందనే లెక్కతో పనిచేస్తుంది. కిందనున్న ఇళ్లు, చెట్లు ఫ్రేమ్‌లోకి వస్తే వాటిని చూపించడానికి వెలుతురు పెంచుతుంది, దాంతో వలయం తెల్లదనంలో కలిసిపోతుంది. కనుక వలయం ఉన్నచోట తెర మీద వేలు కాసేపు నొక్కి పట్టి ఫోకస్‌నూ ఎక్స్‌పోజర్‌నూ లాక్ చేయండి, ఆ తర్వాత ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే వెలుతురును, ఒకటి నుంచి రెండు స్టాప్‌ల దాకా తగ్గించండి (ఒక్కో స్టాప్‌కు వెలుతురు సగమవుతుంది). సూర్యబింబం వీధిదీపం వెనక్కో, పిట్టగోడ అంచు చాటుకో వెళ్లేలా నిలబడితే ఆకుపచ్చ చుక్కలు చాలావరకు మాయమవుతాయి. ఆ చుక్కలు లెన్స్ లోపలి అద్దాల మధ్య వెలుగు అటూ ఇటూ తగలడం వల్ల పుట్టినవి. ఫోన్‌ను కొద్దిగా కదిపితే అవి జరుగుతాయి, గుడి మాత్రం సూర్యుణ్ణి వదలదు. వలయం అడ్డుకొలత 44 డిగ్రీలు కాబట్టి 26 మిల్లీమీటర్లకు సమానమైన మామూలు లెన్స్‌లో ఇరుకుగానైనా పడుతుంది. కింద గుడి గోపురమో చెరువు గట్టో కూడా రావాలనుకుంటే ఎక్కువ వెడల్పును పట్టే అల్ట్రావైడ్ లెన్స్ వాడండి. సూర్యుణ్ణి నేరుగా చూడకండి, జూమ్ చేసి ఎక్కువసేపు లెన్స్‌ను అటు తిప్పి ఉంచకండి. డీఎస్ఎల్ఆర్ ఉన్నవారు వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి సూర్యుడివైపు తిప్పడం చూపుకే ప్రమాదం.

ఇంటికి వచ్చాక ఒక చిన్న పరీక్ష చేయమని అడుగుతాను. ఆ మామూలు లెన్స్‌తో సూర్యుణ్ణి నడిమధ్యలో ఉంచి తీసిన 12 మెగాపిక్సెళ్ల ఫొటో సుమారు 4,000 పిక్సెళ్ల పొడవుంటుంది. దాన్ని ఏదైనా ఎడిటింగ్ యాప్‌లో తెరిచి, బింబం మధ్య నుంచి వలయం లోపలి అంచు దాకా కొలిస్తే దాదాపు 1,200 పిక్సెళ్లు రావాలి. అలా వచ్చిందంటే అది మంచు స్ఫటికాల గుడి. రెండు మూడు వందల దగ్గరే ఆగిపోయి, ఎరుపు బయటి అంచున ఉంటే అది వేరే సంగతి. నీటి బిందువుల అంచుల దగ్గర వెలుగు చెదిరి ఏర్పడే ఆ చిన్న వలయాన్ని కరోనా అంటారు. ‘దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన’ అనే సామెత ఈ రెండింటినీ వేరు చేస్తూనే పుట్టిందని నా నమ్మకం. పెద్ద గుడి కట్టే మంచు మేఘపు తెర చాలాసార్లు వాన తెచ్చే వ్యవస్థకు ముందు నడుస్తుంది. హైదరాబాద్‌లో గుడి కనిపించిన మర్నాడే, 2021 జూన్ 3న, నైరుతి రుతుపవనాలు కేరళను తాకాయి. అయితే గుడి కట్టిన ప్రతిసారీ వాన పడుతుందని చెప్పలేం. అమ్మమ్మగారి మాటను సూచనగా తీసుకోండి, జోస్యంగా వద్దు.

ప్రశ్న: కొత్తగా పోలరైజింగ్ ఫిల్టర్ కొన్నాను. దాన్ని తిప్పుతుంటే ఎదురుగా ఉన్న ఇంద్రధనుస్సు మాయమైపోతోంది. ఫిల్టర్ నకిలీదా? (కాకినాడ)

జవాబు: నకిలీది అయితే అలా మాయం కాదు, అది చక్కగా పనిచేస్తోంది. వాన చినుకు లోపల వెనక గోడకు తగిలి తిరిగివచ్చే వెలుగు దాదాపు పూర్తిగా ఒకే తీరులో, విల్లు వంపు వెంబడి, పోలరైజ్ అవుతుంది, అంటే దాని తరంగాలు ఒకే దిశలో ఊగుతాయి. అడ్డదిశలో ఊగే వెలుగును ఈ ఫిల్టర్ ఆపేస్తుంది. ఫిల్టర్‌ను ఒక వైపు తిప్పితే విల్లు పైభాగం మెరిసి కాళ్లు మసకబారతాయి, 90 డిగ్రీలు తిప్పితే దానికి తారుమారు అవుతుంది. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలతో చూసేవారికి సింగిడి నడుమ తెగినట్టు అనిపించడానికీ ఇదే కారణం. తల పక్కకు వంచి చూడమనండి, తెగిన ముక్క తిరిగి వస్తుంది. విల్లు మొత్తం కావాలంటే ఫిల్టర్ తీసేయండి, ఒక భాగమే చాలనుకుంటే అది బాగా మెరిసే చోట తిప్పడం ఆపండి.

విల్లు వ్యాసార్ధం 42 డిగ్రీలు కనుక దాని పూర్తి వెడల్పు 84 వస్తుంది, అది మామూలు లెన్స్‌లో పట్టదు, అల్ట్రావైడ్ తప్పనిసరి. సూర్యుడు 42 డిగ్రీలకన్నా పైన ఉంటే నేల మీద నిలబడినవారికి విల్లు కనిపించదు. జులైలో హైదరాబాద్‌లో లెక్క వేస్తే ఉదయం సుమారు 9 గంటల లోపు పడమర దిక్కున, సాయంత్రం పావు తక్కువ నాలుగు తర్వాత తూర్పు దిక్కున మాత్రమే దాన్ని వెతకాలి. పైన 51 డిగ్రీల దగ్గర రంగులు తలకిందులైన రెండో విల్లు వస్తే, రెండింటి మధ్యనున్న చీకటి పట్టీని వదలకుండా ఫ్రేమ్‌లో ఉంచండి. దాన్ని గ్రీకు పండితుడు అలెగ్జాండర్ పేరుతో పిలుస్తారు. నాకు విల్లుకంటే ఆ పట్టీయే ఎక్కువ ఇష్టం.

ప్రశ్న: వంజంగిలో తెల్లవారుజామున తీసిన మేఘాల సముద్రం ఫొటోలన్నీ బూడిద రంగులో వచ్చాయి. పైగా మొదటి పది నిమిషాలు లెన్స్ మసకగా ఉంది. (విశాఖపట్నం)

జవాబు: మొదటి జవాబులో చెప్పిన మీటర్ లెక్కే ఇక్కడ అటు తిరిగింది. దృశ్యమంతా తెలుపే అయినప్పుడు ఫోన్ దాన్ని మధ్యస్థం చేయబోయి వెలుతురు తగ్గిస్తుంది, తెలుపు బూడిదగా మారుతుంది. మీరే ఎక్స్‌పోజర్‌ను సగం నుంచి ఒక స్టాప్ దాకా పెంచండి. సూర్యుడు పైకి వచ్చాక మాత్రం మళ్లీ తగ్గించాలి. లెన్స్ మసక తేమ వల్ల వచ్చింది. ఫోన్‌ను బయటి గాలికి కాసేపు అలవాటుపడనిచ్చి, పొడి మెత్తటి గుడ్డతో తుడిచి వాడండి.

పాడేరు దగ్గరి ఆ కొండల్లో శీతాకాలపు రాత్రి చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట లోయలోకి జారుతుంది, దాని మీద వెచ్చటి గాలి పొర మూతలా నిలుస్తుంది, ఆ మూత కిందే తేమ మేఘమై పరుచుకుంటుంది. ఎండ నేలను వేడెక్కించగానే మూత సడలి మేఘం చెదరడం మొదలవుతుంది కాబట్టి, టైమ్‌లాప్స్ పెట్టేవారు ఫోన్‌ను ట్రైపాడ్ మీద సూర్యోదయానికి ముందే నిలపాలి. అందరూ సూర్యుడివైపే చూస్తున్నప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. పొగమంచు అటువైపూ ఉంటే, దాని మీద పడిన మీ నీడ తల చుట్టూ చిన్న రంగుల వలయాలు కనిపించే అవకాశం ఉంది.

ప్రశ్న: తూర్పున ఉదయించే పున్నమి చంద్రుడు పళ్లెమంత కనిపిస్తాడు, ఫొటోలో చుక్కంత వస్తాడు. ఎందుకు? (కరీంనగర్)

జవాబు: చంద్రబింబం వెడల్పు అర డిగ్రీ మాత్రమే. అంటే మామూలు లెన్స్ ఫొటోలో దాదాపు 26 పిక్సెళ్లు. అంత తక్కువ సమాచారం నుంచి కొన్ని ఫోన్లు బింబం మీది మచ్చలను సొంతంగా సాఫ్ట్‌వేర్‌తో గీసి చూపుతాయి, కాబట్టి నిజమైన ఫొటో కావాలంటే ఏఐ మెరుగులు ఆపి, సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100, షట్టర్ 1/125 సెకను దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోండి. పళ్లెమంత కనిపించడం మన కంటి భ్రమే. ఉదయించేటప్పుడు ఒకటి, నడినెత్తికి చేరాక ఒకటి, అదే జూమ్‌తో తీసి బింబాన్ని అడ్డంగా కొలవండి, ఎందుకంటే దిగంతం దగ్గర గాలి పొరలు దాన్ని నిలువునా నొక్కినట్టు చూపుతాయి. రెండూ ఇంచుమించు సమానంగా వస్తాయి. ఒకటి రెండు పిక్సెళ్ల తేడా వచ్చినా నడినెత్తి చంద్రుడే పెద్దగా తేలుతాడు, ఎందుకంటే అప్పుడు ఆయన మనకు భూమి వ్యాసార్ధమంత, అంటే దాదాపు 6,400 కిలోమీటర్లు, దగ్గరగా ఉంటాడు.