ప్రశ్న-జవాబు: బంగారం వర్క్ ఫంక్షన్ ఎందుకు పడిపోతుంది?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నానండి. ఓఎల్ఈడీ (ఆర్గానిక్ పొరలతో వెలిగే లైటు) మీద సెమినార్ ఉంది. టేబుల్లో బంగారం వర్క్ ఫంక్షన్ (మెటల్ నుంచి ఎలక్ట్రాన్‌ని బయటికి లాగడానికి కావాల్సిన ఎనర్జీ) 5 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్ట్లు) పైనే ఉంది కదా అని బంగారానికి, ఆర్గానిక్ పొరకి వ్యాక్యూమ్ లెవెల్ (ఎలక్ట్రాన్ బయటపడిపోయే ఎనర్జీ మట్టం) ఒకే గీతగా కలిపేశాను, మా సార్ తప్పన్నారు. బంగారం దేనితోనూ రియాక్ట్ కాదు, మరి మారేదేంటి?

జవాబు: మీ సారే కరెక్టండి, కాకపోతే దాదాపు అందరం మొదట్లో చేసే తప్పే ఇది. పాలు కాగేటప్పుడు పొంగు గిన్నె అంచు దాటి లేస్తుంది చూడండి, మెటల్ ఎలక్ట్రాన్లు కూడా ఆఖరి పరమాణువుల వరస దాటి అట్లాగే కాస్త బయటికి వచ్చి ఉంటాయి. బయట నెగెటివ్, లోపల పాజిటివ్, అంటే అక్కడో డైపోల్ పొర, మీరు చూసిన 5 ఈవీలో దాని వాటా కూడా ఉంది. మాలిక్యూల్ వచ్చి కూచుంటే దాని ఎలక్ట్రాన్లు ఆ పొంగుని వెనక్కి తోస్తాయి, పౌలీ రూల్ ప్రకారం రెండూ ఒకేచోట ఇమడవు కాబట్టి. డైపోల్ తగ్గి వర్క్ ఫంక్షన్ పడిపోతుంది, రియాక్షనే అక్కర్లేదు, బెంజీన్ పరిచినా చాలు. దీన్ని పిల్లో ఎఫెక్ట్ అంటారు. బంగారం మీద అర ఈవీ నుంచి 1 ఈవీ దాకా తగ్గొచ్చు, హోల్స్ (పాజిటివ్ చార్జ్ లాగా నడిచే ఎలక్ట్రాన్ ఖాళీలు) ఆర్గానిక్ పొర లోపలికి పోవడానికి అడ్డం దాదాపు అంత పెరుగుతుంది. (ఆ టేబుల్ నంబర్ కూడా అల్ట్రా హై వ్యాక్యూమ్‌లో శుభ్రం చేసిన బంగారానిది, గాలి తగిలిన ముక్క మీద ముందే కార్బన్ మురికి ఉంటుంది.)

వెండి దగ్గర కథ ఇంకా బాగుంటుంది. పీటీసీడీఏ అనే ఎర్ర పిగ్మెంట్‌ని వెండి (111) ముఖం (క్రిస్టల్ని ఒక ప్రత్యేక దిశలో కోస్తే వచ్చే తలం) మీద ఒక్క పొర పరిస్తే అది నిజంగానే బంధం కడుతుంది, మాలిక్యూల్లో ఖాళీగా ఉండాల్సిన మెట్లలో అన్నిటికన్నా కిందిదైన ల్యూమోలోకి వెండి ఎలక్ట్రాన్లు దిగుతాయి. అసలు తమాషా ఏంటంటే, శుభ్రమైన వెండికి, ఎలక్ట్రాన్లు నిండిన పై అంచు అయిన ఫెర్మీ లెవెల్‌కి 0.06 ఈవీ కింద సొంత సర్ఫేస్ స్టేట్ (ఉపరితలం మీదే ఉండే ఎలక్ట్రాన్ స్థితి) ఉంటుంది కదా, పొర పడగానే అది ఫెర్మీ లెవెల్‌కి 0.6 ఈవీ పైకి ఎక్కి కూచుంటుంది. పుట్టుక వెండిదే, కానీ ఆ చోటు దానికి దొరికింది మాలిక్యూల్ వల్ల. జర్మనీ వాళ్లు దీన్ని ఎస్టీఎం అనే సూది మైక్రోస్కోపుతోనూ, రెండు ఫోటాన్లతో ఎలక్ట్రాన్‌ని బయటికి లాగి కొలిచే టూ ఫోటాన్ ఫోటోఎమిషన్‌తోనూ పట్టుకున్నారు.

మీరు మాత్రం బంగారం దగ్గర వ్యాక్యూమ్ లెవెల్‌ని ఒక మెట్టు కిందికి దించి గీయండి, వెండి సంగతి సార్ అడిగితే అప్పుడు చెప్పొచ్చు.