మరవ పారిన తర్వాత మూడు వారాలు: పశుసంవర్ధక సహాయకురాలైన బిడ్డకు పెదనాయన లేఖ

చిరంజీవి అయిన నా తమ్ముని కూతురికి పెదనాయన ఆశీస్సులు.

శ్రీకాళహస్తి అవతల చెరువుల కింది ఊళ్లకు నిన్ను గ్రామ పశుసంవర్ధక సహాయకురాలిగా వేశారని మీ నాయన ఫోనులో చెప్పిన నాటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను. సూది వేయడం, ఎదను గుర్తించడం, నట్టల మందు తాగించడం నీకు చదువులోనే నేర్పి ఉంటారు గనుక వాటి జోలికి పోను. దోమలూ, వాటి వంటి కాటు పురుగులూ మోసుకొచ్చే జబ్బులను ముందుగా పసిగట్టడం గురించి మాత్రమే రాస్తాను. ఈ జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా పశువుల ఆసుపత్రులలో పనిచేసిన నేను ఎక్కువ పొరపాట్లు చేసింది ఆ విషయంలోనే.

మొదట కాలం సంగతి. నీ ఊళ్లకు నైరుతి కంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్యపు వానే ముఖ్యం. చెరువు నిండి, ఎక్కువైన నీరు పొర్లి మరవ పారిన రోజు నుంచి నీ లెక్క మొదలు కావాలి. నిలిచిన నీటిలో గుడ్డు దోమగా మారడానికి మన వేడిలో ఏడు నుంచి పది రోజులు చాలు. ఆ దోమ రోగమున్న జంతువును కుట్టి, వైరస్ దాని ఒంట్లో పెరిగి, అది మరో జంతువును కుట్టి, ఆ జంతువుకు జ్వరం వచ్చేసరికి మరికొన్ని రోజులు పడుతుంది. అందువల్ల వాన వెలిసిన తర్వాత మూడో వారం నుంచి నువ్వు చెవులు రిక్కించుకొని ఉండాలి. ఆవుల ఒంటి మీద బొడిపెలు లేపే లంపీ చర్మవ్యాధి మాత్రం ఈ లెక్కకు లొంగదు. ఆ వైరస్‌ను దోమలూ, కుట్టే ఈగలూ తమ మూతికి అంటించుకొని, సూది మొన మీద మోసినట్లు ఒక ఆవు నుంచి మరొక ఆవుకు నేరుగా చేరవేస్తాయి. పైగా అది సంతలో కొన్న గొడ్డుతో పాటు లారీ ఎక్కి కూడా వస్తుంది. కొత్తగా తెచ్చిన పశువును ఇరవై ఎనిమిది రోజులు విడిగా కట్టమని నువ్వు రైతుకు చెప్పాలి. కొట్టంలో చోటు లేదంటాడు, అయినా చెప్పాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. బొడిపెలు తేలిన రోజు జబ్బు మొదలైన రోజు కాదు, జబ్బు మనకు దొరికిపోయిన రోజు మాత్రమే. అంతకు ముందే జ్వరం వచ్చి ఉంటుంది, కంటి నుంచీ ముక్కు నుంచీ నీరు కారి ఉంటుంది, భుజం ముందరి గ్రంథి చేతికి తగిలేంతగా ఉబ్బి ఉంటుంది, అన్నిటికన్నా ముందు పాలు తగ్గి ఉంటాయి. మనది రెండు పూటలా పాలు పోసే సీమ. ప్రతి ఇంటి పాలూ ఎన్ని లీటర్లో, ఫ్యాట్ ఎంతో, పాల కేంద్రంలో పూటపూటకూ నమోదవుతూనే ఉంటాయి. ఇంత మంచి రోగ సూచిక మన కళ్ల ముందే ఉన్నా, దాన్ని డబ్బు లెక్కకే తప్ప జబ్బు లెక్కకు వాడుకున్న వాళ్లను నేను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలను. కేంద్రంలో పాలు కొలిచే వ్యక్తితో మర్యాదగా మాట్లాడి, ఏ ఇంటి పాలైనా వరుసగా రెండు పూటలు పావు వంతుకు మించి పడిపోతే నీకు ఒక మాట చెప్పమని అడుగు. పది సార్లలో ఏడెనిమిది సార్లు అది మేత మారినందువల్లో, పొదుగు వాపు వల్లో, ఆవు ఎదకు వచ్చినందువల్లో అవుతుంది. అనవసరంగా తిరిగానని విసుక్కోవద్దు, ఎందుకంటే మిగిలిన రెండు మూడు సార్ల కోసమే ఆ తిరుగుడంతా.

వెళ్లిన ఇంట్లో ముందు థర్మామీటరు తియ్యి. ఆవుకు మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. పెద్ద ఒళ్లున్న హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవు ఎండలో నిలబడితే జబ్బేమీ లేకుండానే 103 చూపిస్తుంది గనుక, తెల్లవారుజామున, పొద్దు పొడవక ముందే చూడడం మేలు. పేడలో గుచ్చితే తప్పు లెక్క వస్తుంది; మొన లోపలి గోడకు తగిలేలా కొంచెం వంచి పట్టాలి. తర్వాత మెడ నుంచి తోక దాకా వెంట్రుకలకు ఎదురుగా అరచేతితో నిమురు. కంటికి కనబడని బొడిపె ముందు చేతికి తగులుతుంది.

మూడు రోజుల జ్వరాన్ని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాలిచ్చే మంచి ఆవుకు ఉన్నట్టుండి 104 దాటి జ్వరం వస్తుంది, చొంగ కారుస్తుంది, ఈ రోజు ముందు కాలు, రేపు వెనుక కాలు అన్నట్లు కుంటుతుంది, కొన్ని పడుకొని లేవలేవు, చాలా మటుకు మూడో రోజుకు లేచి మేత ముడతాయి. తనంతట తానే తగ్గిపోతుంది గనుక రైతు చెప్పడు, మనం రాసుకోము. నా మట్టుకు నేను దాన్ని గుడి గంట లాంటిదనుకుంటాను: ఒక వీధిలో నాలుగు ఆవులకు ఆ జ్వరం కనబడిందంటే, వైరస్‌ను మోయగల పురుగులు ఆ వీధిలో నిండి ఉన్నాయన్న మాటే. అదే వీధికి మరో జబ్బు రావడానికి దారి తెరిచి ఉన్నట్లే.

నా తప్పు ఒకటి నీకు చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కార్తీక మాసంలో, ఒక చెరువు కట్ట కింద మంద దించుకున్న గొర్రెల కాపరి వచ్చి, జీవాలు కుంటుతున్నాయనీ, మూతులు ఉబ్బాయనీ చెప్పాడు. నేను ఆసుపత్రి మెట్టు దిగకుండానే అది గాలికుంటు అని తేల్చి, నోటికి బోరిక్ పొడి, గిట్టలకు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లు రాసిచ్చాను. అదే మందలో కలిసి మేస్తున్న నాలుగు ఆవులకు ఏమీ కాలేదని అతను చెప్పిన మాటను నేను పట్టించుకోలేదు. గాలికుంటయితే ముందు ఆవులకే కదా కనబడాలి. వారం తర్వాత వెళ్లి చూస్తే కొన్ని గొర్రెల నాలుకలు నీలం తిరిగి ఉన్నాయి, గిట్టల పైభాగంలో ఎర్రటి పట్టీలు వచ్చి ఉన్నాయి. అది నీలి నాలుక వ్యాధి. దాన్ని మోసేది మామూలు దోమ కాదు, క్యూలికాయిడ్స్ అనే, ఆవగింజంత కాటు పురుగు. పేడా మూత్రమూ కలిసిన బురదలో పుడుతుంది, దోమతెర కన్నంలోంచి కూడా దూరుతుంది. ఆవులకు జబ్బు పైకి కనిపించకపోయినా వాటి రక్తంలో వైరస్ ఉంటుంది, పురుగులకు అక్కడి నుంచే అందుతుంది. ఇదంతా తెలిశాక తీసిన రక్తాన్నయినా సరిగా పంపానా అంటే అదీ లేదు. చల్లగా ఉండాలన్నారు కదా అని బస్టాండు పక్కన ఐస్‌క్రీం అంగడిలో గడ్డ కట్టించి పంపాను. ఎర్రకణాలు పగిలి ఎర్ర నీళ్లయిన ఆ సీసాలు దేనికీ పనికిరాలేదు. ఆ కాపరి మందలో సగం పోయింది. ఆ తర్వాత ఎక్కడ ఎదురుపడినా అతను నాకు నమస్కారం పెట్టడం మానలేదు గాని, నాకే తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

కాబట్టి నమూనాల సంగతి కొంచెం వివరంగా రాస్తాను. జ్వరం ఉన్నప్పుడే రక్తం తియ్యి. మూడు రోజుల జ్వరం వంటి వాటిలో వైరస్ కొద్ది రోజులే రక్తంలో తిరుగుతుంది, ఆవు లేచి మేత ముట్టాక తీస్తే ఏమీ దొరకదు. వైరస్ కోసమైతే రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఇ.డి.టి.ఎ. మందు వేసిన ఊదారంగు మూత గొట్టంలో, సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) కోసమైతే ఎర్ర మూత గొట్టంలో తీసుకోవాలి. గొట్టాన్ని నెమ్మదిగా తిప్పాలే తప్ప ఊపకూడదు. ఐస్ ప్యాక్‌కూ గొట్టానికీ మధ్య ఒక పొర గుడ్డ చుట్టు. లంపీ అయితే బొడిపె మీది పక్కును కూడా పొడి శుభ్రమైన సీసాలో తీసుకో; ఎండిన పక్కులో ఆ వైరస్ వారాల తరబడి ఉంటుంది గనుక ఆలస్యమైన కేసులో కూడా అది అక్కరకు వస్తుంది. దాన్ని ఫార్మలిన్‌లో మాత్రం వేయవద్దు. మూడు వారాల తర్వాత అదే పశువు సీరం రెండోసారి తీస్తే, ప్రతిరక్షకాలు పెరిగాయో లేదో పోల్చి చూడవచ్చు. నమూనాలను డాక్టరు గారి సంతకంతోనే పంపాలి. తిరుపతిలో వెటర్నరీ విశ్వవిద్యాలయం ఉండడం మనకు దగ్గరి దారి. చీటీ మీద చెవి పోగు మీది పన్నెండు అంకెలూ, జ్వరం వచ్చిన తేదీ, టీకా వేసిన తేదీ రాయడం మరవకు. టీకా తేదీ లేకపోతే ప్రతిరక్షకాలు టీకా వల్ల వచ్చాయా, జబ్బు వల్ల వచ్చాయా అని అక్కడివాళ్లు తల పట్టుకుంటారు.

ఇంకా ముందుగా తెలుసుకోవాలంటే కాపలా పశువుల పద్ధతి ఒకటి ఉంది. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ పోయిన, ఆరు నెలలు దాటిన పెయ్యలనో గొర్రె పిల్లలనో ఊరికి నాలుగైదు ఎంచుకొని, వానలకు ముందు ఒకసారి, వానలు నడుస్తుండగా నెలకొకసారి సీరం పరీక్షకు పంపితే, జబ్బు పైకి కనబడక ముందే వైరస్ ఊళ్లోకి వచ్చిందో లేదో బయటపడుతుంది. ఇది నీ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు, ఖర్చుతో కూడినది. మీ డాక్టరు గారు ఒప్పుకుంటే ఒక్క చెరువు కింద మొదలుపెట్టి చూడండి. బెంగళూరులో పశు వ్యాధులను అధ్యయనం చేసే జాతీయ సంస్థ నివేది జిల్లాల వారీగా పశు వ్యాధుల ముందస్తు సూచనలు ఇస్తూ ఉంటుంది, అవి కూడా చూస్తూ ఉండు.

పురుగుల లెక్క కూడా నీదే. కొట్టం వెనుక పేడ గుంటలో, నీళ్ల తొట్టిలో, పాత టైర్లలో, వరి మడిలో తెల్ల గిన్నెతో పది చోట్ల ముంచి, ఎన్ని ముంపులలో పురుగు పిల్లలు కనిపించాయో వారానికొకసారి రాసుకో. తొట్టిని వారానికొకసారి వొంపి ఎండబెట్టమని చెప్పు.

పందుల విషయం వేరు. జపాన్ మెదడువాపు వ్యాధి వైరస్ కొంగలలోనూ పందులలోనూ పెరిగి, వరి మడులలో పుట్టే క్యూలెక్స్ దోమల ద్వారా మనుషులకు, ముఖ్యంగా పిల్లలకు వస్తుంది. మన దేశంలో ఆ వ్యాధిని 1955లో మొదట గుర్తించింది మన చిత్తూరు పక్కనే ఉన్న వేలూరులో. నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు వరీ, కొంగలూ, పందులూ మూడూ ఒకచోట ఉండే ఊళ్లు ఉన్నాయి. పంది మామూలుగానే కనబడుతుంది గాని, చూడి పందులు చచ్చిన పిల్లలను ఈనితే అనుమానించాలి. అప్పుడు మీ డాక్టరు గారికి చెప్పడంతో ఆగకుండా ఆ ఊరి ఏఎన్‌ఎంకు కూడా అదే రోజు చెప్పు.

తూర్పు ఆఫ్రికాలో దోమలు మోసే రిఫ్ట్ వ్యాలీ జ్వరం అని ఒకటి ఉంది. మన దేశంలో లేదు. 2006 చివరలో అక్కడ అది విజృంభించక ముందే సముద్రపు వేడినీ, ఉపగ్రహ చిత్రాలనూ చూసి శాస్త్రవేత్తలు హెచ్చరించారు. అయితే నన్ను ఆకట్టుకున్నది వేరొకటి: విపరీతమైన వానలనూ, దోమల గుంపులనూ, గొర్రెలూ మేకలూ నెలలు నిండక ముందే ఈసుకుపోవడాన్నీ అధికారుల కన్నా ముందు గమనించింది అక్కడి పశువుల కాపరులే. మన కాపరులు వాళ్లకు తీసిపోరు. అడిగేవాళ్లే కరువు.

అడిగినా కొందరు చెప్పరు, దానికి కారణాలు ఉన్నాయి. లంపీ అని తెలిస్తే పాలు పోయించుకోరని, బేరం పోతుందని భయం. పశువుల అంటువ్యాధుల నివారణకు వచ్చిన 2009 నాటి చట్టం ప్రకారం, దాని షెడ్యూలులోని జబ్బు అనుమానం వస్తే యజమాని గ్రామాధికారికో పంచాయతీకో తెలియజేయాలి. అయినా ఆ చట్టాన్ని రైతు ముందు మొదటి మాటగా ఎత్తవద్దు. లంపీ మనుషులకు అంటదనీ, కాచిన పాలకు భయం లేదనీ ముందు చెప్పు. చెప్పినవాడి ఇంటికి అదే పూట వెళ్లు. ఎవరింట మొదట కనబడిందో ఊళ్లో నీ నోట రాకూడదు. నువ్వు వెళ్లలేని దూరమైతే 1962కు ఫోను చేయించు.

ఒకే రోజున, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు కొట్టాలలో జ్వరం కనబడి, ఆ మూడూ నీటికి దగ్గరగా ఉంటే, పేరు తేలేదాకా ఆగక ఆ సాయంత్రమే డాక్టరు గారికి చెప్పు. పక్కపక్క కొట్టాలకు వరుసగా పాకితే అంటువ్యాధి వైపు ఆలోచించాలి. ఈ తేడా కనబడాలంటే ఊరి పటం ఒకటి చేత్తో గీసి, ప్రతి జ్వరానికీ ఒక చుక్కా, దాని పక్కన తేదీ పెట్టాలి. ఫోనులో యాప్ ఉందంటావు. అందులోనూ నమోదు చెయ్యి, గోడ మీద మాత్రం పటం ఉండనీ.

మీ నాయన చేత రెండు వందల పేజీల గట్టి అట్ట నోటుబుక్కు ఒకటి పంపుతున్నాను. దానితో పాటు నా పాత పాదరసం థర్మామీటరు కూడా వస్తుంది. అది గుర్తుకు మాత్రమే, పశువుకు పెట్టకు, విరిగితే ప్రమాదం. డిజిటల్‌ది ఒకటి కొనుక్కో. ఈ ఏడు మీ చెరువు మరవ ఏ రోజు పారిందో నోటుబుక్కు మొదటి పేజీలో మొదటి వరుసలో రాసి, ఆ తేదీ నాకు ఫోనులో చెప్పు.

ఇట్లు,
మీ పెదనాయన,
చిత్తూరు