షుగర్ పుండు మానాలంటే ముందు ఆ కాలు నేల మీద మోపకూడదు

మీ ప్రశ్న చదివాను. నాన్నగారికి 61 ఏళ్లు, 14 ఏళ్లుగా షుగర్. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఆనె పగిలి పుండైంది. నెలన్నరగా కట్టు కట్టిస్తున్నా మానడం లేదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 9.8 వచ్చింది. డాక్టరుగారు ఇన్సులిన్ అంటే ఆయన వద్దంటున్నారు, "నొప్పేం లేదుగా, సీజన్ అయ్యాక చూద్దాం" అంటున్నారు. వేలు తీసేస్తారేమోనని మీ టెన్షన్.

నేను డాక్టర్ని కాదండీ. విజయవాడలో మా మామయ్యగారికి ఇలాగే అయితే దగ్గరుండి చూసుకున్నదాన్ని, అంతే.

ముందు ఆ "నొప్పి లేదు" అన్న మాట సంగతి. నొప్పి లేకపోవడమే ఇక్కడ అసలు జబ్బు. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతింటాయి. మా మామయ్యగారు మే నెలలో ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి చెప్పుల్లేకుండా మెట్లెక్కి వచ్చారు. ఆ నెలలో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అరికాలు కాలి బొబ్బలెక్కినా ఆయనకు తెలియలేదు. మర్నాడు దుప్పటి ఉతకబోతే కాళ్ల వైపు పచ్చగా అట్టకట్టిన మరక కనిపించింది. అప్పుడు గానీ పాదం తిప్పి చూడలేదు ఎవరమూ.

తర్వాత ఇంటి దగ్గరి ఒక క్లినిక్‌లో రోజు విడిచి రోజు కట్టు. ఆయింట్‌మెంట్లు మారాయి, యాంటీబయాటిక్స్ మారాయి. కాలు కింద మోపొద్దని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆయన ఆ కట్టుతోనే పొద్దున పాలకి, సాయంత్రం గుడికి. పుండు మానితే ఆశ్చర్యం గానీ మానకపోతే ఏముంది?

చివరికి సూర్యారావుపేటలో షుగర్ పాదాలు చూసే సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు మందేమీ రాయలేదు. మామయ్యగారిని కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగు ఒకటి తీసుకుని పాదం మీద ఒక్కోచోట అది వంగేదాకా ఆనించి "తగిలిందా అండీ?" అని అడిగారు. వేళ్ల కింద జవాబు లేదు, మడమ దగ్గరా లేదు. చీలమండ దాటాక "ఆ, ఇప్పుడు తెలుస్తోంది" అన్నారు. దాన్ని 10 గ్రాముల మోనోఫిలమెంట్ అంటారు. నిమిషాల పని. షుగర్ ఉన్నవాళ్లందరికీ ఏడాదికోసారి చేయాల్సిన పరీక్ష, కానీ చాలామందికి కాళ్లు చూసే డాక్టరే దొరకడు. తర్వాత బ్లేడుతో ఆనెను చెక్కేశారు. పైకి చిన్న చిల్లులా కనిపించిన పుండు, ఆ గట్టి చర్మం పోయాక రూపాయి బిళ్లంత ఉంది.

మీ నాన్నగారిది కూడా ఆనె కిందే మొదలైంది కాబట్టి ఇది గమనించండి. అడుగు వేసిన ప్రతిసారీ ఒంటి బరువు బొటనవేలి మొదట్లో పడుతుంది. రాత్రి కాస్త కొత్త కండ పట్టినా పొద్దున యార్డులో తిరిగితే నలిగిపోతుంది. అందుకే బరువు పడకుండా చేయడమే మొదటి వైద్యం. దానికి మోకాలి దాకా వేసే పిండికట్టు ఉంటుంది, టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అంటారు. లేదా బూటు లాంటిది ఇస్తారు. పుండు చుట్టూ మెత్తటి ఫెల్ట్ అంటించే పద్ధతీ ఉంది. విప్పుకునే వీల్లేని కట్టయితే బాగా మానుతుందట, ఎందుకంటే మన పెద్దవాళ్లు విప్పగలిగింది విప్పేస్తారు! అయితే చీము ఉన్నా, కాలికి రక్తం సరిగ్గా అందకపోయినా ఆ కట్టు అందరికీ పనికిరాదు. చూసి వాళ్లే చెప్పాలి.

వేలు తీయాలా వద్దా అన్నది రెండు విషయాల మీద ఉంటుంది: ఎముకకి ఇన్ఫెక్షన్ పాకిందా, కాలికి రక్తం అందుతోందా. మొదటిదానికి ఎక్స్‌రే, అనుమానం ఉంటే ఎంఆర్ఐ. రెండోదానికి డాప్లర్, చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చే పరీక్ష. ఆ నిష్పత్తి 0.9 కంటే తక్కువైతే రక్తనాళాలు పూడుతున్నట్టు. షుగర్ వాళ్లలో నాళాలు గట్టిపడి ఈ అంకె తప్పుగా బాగున్నట్టు చూపించవచ్చు కాబట్టి వేలి దగ్గర కూడా ప్రెషర్ చూస్తారా అని అడగండి. రక్తం అందకపోతే ముందు వాస్కులర్ సర్జన్, అంటే రక్తనాళాల సర్జన్, నాళం తెరవాలి. అది చూడకుండా వేలు తీస్తే ఆ కోసిన చోటూ మానదు.

ఎర్రదనం పైకి పాకినా, వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం వచ్చినా సీజన్, యార్డు అని చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొత్తపేటలో ఎవరి దగ్గరికైనా సరే, డబ్బు ఇబ్బందైతే జీజీహెచ్ (గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి) సర్జరీ ఓపీకి.

ఇక ఇన్సులిన్. "మొదలుపెడితే జీవితాంతం" అని మా మామయ్యగారూ మొండికేశారు. పుండు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఒంట్లో షుగర్ మాత్రలకి లొంగదు, అందుకే ఇన్సులిన్ ఇస్తారు. మానాక కొందరిని మళ్లీ మాత్రల మీదికి మారుస్తారు. ఆయనకి ఆ మాటే ధైర్యం ఇచ్చింది.

సిరంజి విషయంలో జాగ్రత్త. మన దగ్గర సీసా ఇన్సులిన్ మిల్లీలీటరుకి 40 యూనిట్లది దొరుకుతుంది, 100 యూనిట్లదీ దొరుకుతుంది. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ రంగు మూత. 40 సీసాలోంచి నారింజ సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. అదే 100 సీసాలోంచి ఎర్ర సిరంజితో 20 గీత దాకా లాగితే 50 వెళ్తుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. మెడికల్ షాపులో సీసా, సిరంజి పక్కపక్కన పెట్టి చూసుకోండి. వాడుతున్న సీసా ఫ్రిజ్ తలుపులో పెట్టుకోవచ్చు, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. కరెంటు పోయే వేసవిలో మేము చిన్న డబ్బాలో పెట్టి నీళ్లు పోయని ఖాళీ మట్టికుండలో ఉంచి, కుండ చుట్టూ తడిగుడ్డ చుట్టేవాళ్లం.

యార్డులో టిఫిన్ మానేసి గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ తీసుకుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తిక్కతిక్కగా మాట్లాడటం. 70 కంటే తక్కువైతే మూడు చెంచాల పంచదారో గ్లూకోజ్ పొడో నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

కళ్లు, కిడ్నీలు కూడా ఇప్పుడే చూపించండి. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా చూడాలి, అద్దాల షాపు పరీక్ష చాలదు. ఇన్సులిన్‌తో షుగర్ ఒక్కసారిగా తగ్గితే, ముందే దెబ్బతిన్న రెటీనా కొన్నాళ్లు ఇంకాస్త పాడయ్యే అవకాశం ఉంది కాబట్టి ముందే చూపిస్తే మంచిది. కిడ్నీకి క్రియాటినిన్ ఒక్కటి చాలదు, మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చూసే యూరిన్ ఆల్బుమిన్-క్రియాటినిన్ రేషియో కూడా రాయించుకోండి. 30 దాటితే పట్టించుకోవాల్సిందే. మోకాళ్ల నొప్పులకని షాపులో కొనే డైక్లోఫెనాక్ మాత్రలు ఆపేయమనండి. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతుంటే విటమిన్ బి12 కూడా చూపించండి, అది తగ్గినా కాళ్లు మొద్దుబారతాయి.

ఆనెకి అంటించే కార్న్ క్యాప్‌లు, ఉప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టడం, పసర్లు, ఇవేవీ ఆ కాలి దగ్గరికి రానీయకండి. వేడి తెలియని కాలు కదా.

మా మామయ్యగారి పుండు దసరా నాటికి మానింది. వేలు ఉంది. ఆ తర్వాతే చెప్పులు కుట్టించాం, ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అట్టతో, వెనక పట్టీ ఉన్నవి. మీరు తీసుకునేటప్పుడు సాయంత్రం వెళ్లండి, పాదం అప్పటికి కాస్త ఉబ్బి అసలు సైజు తెలుస్తుంది. మొదటి వారం రోజుకో గంట మాత్రం తొడిగించి, విప్పాక ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడండి. చెప్పులు వేసుకునే ముందు దులిపి లోపల చెయ్యి పెట్టి చూడటం ఇప్పటికీ మా అత్తయ్య పని.