వాచీ ఎప్పుడు విప్పించాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది రైస్‌ మిల్లు. 2017లో రోలెక్స్‌ డేట్‌జస్ట్‌ 41 కొన్న. ఇప్పటిదాకా మూత తీయించలే. రోజుకు రెండు సెకన్లకు మించి తేడా రాదు. మా బామ్మర్ది ఐదేండ్లకే సర్వీసింగ్‌ చేయించాల్సిందంటడు. అమ్మినాయన పదేండ్లు ఆగొచ్చన్నడు. ఎవరి మాట వినాలె?
– మిర్యాలగూడ పాఠకుడు

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. రోలెక్స్‌ సుమారు పదేండ్లకోసారి అంటుంది, ఒమేగా ఐదు నుంచి ఎనిమిదేండ్లు అంటుంది. రెండూ మామూలు వాడకానికి వేసిన లెక్కలు. మీ వాచీ ఎట్లా ఉందో కొలిచి చూసి నిర్ణయించుకోవడమే మేలు. అయితే టైమ్‌ ఒక్కటే చూసి కొలిచాననుకోవద్దు.

కారణం వినండి. చక్రాల ఇరుసులు ఉక్కువి, అవి తిరిగేది కెంపు రాళ్లలో. మధ్యలో ఉండే ఆయిల్‌ ఏండ్లు గడిచేకొద్దీ ఎండుతుంది, పక్కకు పాకుతుంది. అప్పుడు ఇరుసు అరిగి, ఆ ఉక్కు పొడి మిగిలిన ఆయిల్‌తో కలిసి నల్లటి ముద్ద అవుతుంది. ట్రాక్టర్‌కు ఆయిల్‌ మార్చకుండా నడిపితే ఇంజన్‌ లోపల జరిగేదే ఇక్కడా జరుగుతుంది. రాయి అరగదు, ఇరుసే గీతలు పడి పాడవుతుంది. ఇంత జరుగుతున్నా అటూ ఇటూ ఊగుతూ టైమ్‌ కొలిచే బ్యాలెన్స్‌ చక్రం ఊగే వెడల్పు తగ్గుతుందే కానీ, ఒక్కో ఊపుకు పట్టే సమయం పెద్దగా మారదు. అందుకే టైమ్‌ చాలాకాలం బాగానే చూపిస్తుంది. ‘ఆగినప్పుడు చూద్దాం’ అనుకునేవాళ్లు ఆయిలింగ్‌తో పోయేదానికి చక్రాలు మార్పించుకోవాల్సి వస్తుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. వాచీ పక్కనుండే కీ బిళ్లను (క్రౌన్‌) విప్పి ముందుకు కనీసం 40 చుట్లు కీ ఇవ్వండి. చేతి కదలికకే కీ ఎక్కే ఆటోమేటిక్‌ వాచీలో కీ స్ప్రింగు నిండాక జారిపోతుంది కాబట్టి ఎక్కువై తెగుతుందన్న భయం అక్కర్లేదు. క్రౌన్‌ బిగించి, అద్దం పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, ఎన్ని గంటలకు ఆగిందో రాసుకోండి. మీ మోడల్‌లోని 3235 మెషిన్‌ సుమారు 70 గంటలు నడవాలి. పాత 3135 అయితే 48. రెండుసార్లు చూసినా ఐదారు గంటలకు మించి తగ్గుతుంటే లోపల రాపిడి పెరిగినట్టే. ఇంకో పరీక్ష: రాత్రిపూట ఒకరోజు అద్దం పైకి, ఒకరోజు క్రౌన్‌ కిందికి, ఒకరోజు క్రౌన్‌ పైకి పెట్టి, పొద్దున ఫోన్‌ టైమ్‌తో పోల్చండి. ఒకప్పుడు కొన్ని సెకన్లే ఉన్న తేడా ఏడాదికేడాది పెరుగుతుంటే అదీ సూచనే.

ఆ తర్వాత హైదరాబాద్‌ వెళ్లినప్పుడు, వాచీ టిక్‌టిక్‌ విని కొలిచే టైమ్‌గ్రాఫర్‌ మీద పెట్టించండి. మూత తీయనక్కర్లేదు, ఐదు నిమిషాల పని. ఆంప్లిట్యూడ్‌, అంటే బ్యాలెన్స్‌ చక్రం ఊగే వెడల్పు, ఎంతో అడగండి. నిండుగా కీ ఇచ్చి పడుకోబెడితే మామూలుగా 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటుంది. 24 గంటలు నడిచాక 200 కిందికి పడిపోతుంటే టైమ్‌ ఎంత బాగున్నా విప్పించాల్సిందే. టైమ్‌గ్రాఫర్‌లో మెషిన్‌ను బట్టి మార్చాల్సిన లిఫ్ట్‌ యాంగిల్‌ అనే కోణం సరిగా పెట్టకపోతే ఈ అంకె తప్పు వస్తుంది. 3135కు 52 డిగ్రీలు పెడతారు, అన్నిటికీ అదే కాదు.

మిల్లు దుమ్ము సంగతి కూడా చెప్పాలి. క్రౌన్‌ బిగించి ఉన్నంతకాలం అది మెషిన్‌లోకి పోదు. కానీ చెమటతో కలిసి చైను పిన్నుల దగ్గర చేరి అరగదీస్తుంది, క్రౌన్‌ మరలకూ పడుతుంది. వారానికోసారి మెత్తటి బ్రష్‌తో కడగండి. బోరునీళ్లు సందుల్లో తెల్లటి పొరలు కడతాయి, ఫిల్టర్‌ నీళ్లు వాడండి.

ప్రశ్న: పెళ్లిల పెట్టిన ట్యాగ్‌ హోయర్‌ క్యాలిబర్‌ 5 ఆటోమేటిక్‌ వాచ్‌ ఉన్నట్టుండి రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పోతుంది. ఓవర్‌హాలింగ్‌ చేయాలన్నరు. చేయించాల్నా?
– మహబూబ్‌నగర్‌ పాఠకుడు

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు అయస్కాంతం సంగతి తేల్చుకోండి. ఆయిల్‌ ఎండితే తేడా మెల్లగా, నెలల తరబడి వస్తుంది. ఒక్కరోజులో నిమిషాల లెక్కన ముందుకు దూకిందంటే, బ్యాలెన్స్‌ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగ్‌ చుట్లు అయస్కాంతం పట్టి ఒకదానికొకటి అతుక్కున్నాయన్న అనుమానమే ముందు రావాలి. అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, పొట్టి స్ప్రింగు వేగంగా ఊగుతుంది. ఫోన్‌ కవర్‌లోని అయస్కాంతం, హ్యాండ్‌బ్యాగ్‌ బటన్‌, స్పీకర్‌ బాక్స్‌ – వీటిలో ఏదో ఒకదాని పక్కన వాచీ పెట్టారేమో గుర్తు చేసుకోండి.

ఫోన్‌లో కంపాస్‌ తెరిచి వాచీని చుట్టూ మెల్లగా తిప్పండి. ముల్లు బలంగా ఊగితే పట్టినట్టు. ఊగకపోయినా పట్టలేదని తేల్చి చెప్పలేం, స్ప్రింగు మరీ చిన్నది. అయస్కాంతం వదిలించే డీమాగ్నెటైజర్‌ మీద కొన్ని సెకన్ల పని, మూత తీయక్కర్లేదు. అయినా తగ్గకపోతే కిందపడిన దెబ్బకు స్ప్రింగు చిక్కుపడి ఉండాలి, లేదా దానికి ఆయిల్‌ అంటి ఉండాలి. అప్పుడు విప్పక తప్పదు. అయస్కాంతం వదిలించకుండానే ఓవర్‌హాలింగ్‌ అన్నవాళ్ల దగ్గర ఇంకో మాట లేకుండా వాచీ వెనక్కి తీసుకోండి.

ప్రశ్న: సాగర్‌ ఎడమ కాలువల ఈత కొట్టినప్పటి నుంచి పొద్దున పూట అద్దం లోపల ఆవిరి కనిపిస్తుంది, ఎండెక్కినంక పోతుంది. 100 మీటర్ల వాచీయే. బియ్యం డబ్బాల పెట్టుమంటున్నరు.
– హాలియా పాఠకుడు

జవాబు: ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఒక్క క్షణం ఆగకూడనిది మీదే. ఆవిరి కనిపించకుండా పోయిందంటే బయటికి వెళ్లిందని కాదు. వేడికి గాలిలో కలిసి లోపలే ఉంది, రాత్రి చల్లబడగానే మళ్లీ అద్దానికి పడుతుంది. హెయిర్‌స్ప్రింగ్‌, మరలు, క్రౌన్‌ కింది చిన్న పళ్లచక్రాలు కొద్దిరోజుల్లో తుప్పుపడతాయి. డయల్‌కు మచ్చపడితే అది పోదు. బియ్యం, ఎండ, హెయిర్‌ డ్రయ్యర్‌ ఏదీ పనిచేయదు. కొరియర్‌లో పంపి వారం పోగొట్టుకోవద్దు, రేపే చేతపట్టుకుని సర్వీస్‌ సెంటర్‌కు వెళ్లండి. వీలుకాకపోతే నల్లగొండలోనో మిర్యాలగూడలోనో నమ్మకమైన వాచ్‌ మెకానిక్‌ చేత వెనక మూత తీయించి ఆరబెట్టించినా నష్టం తగ్గుతుంది. పూర్తి సర్వీసింగ్‌ ఆ తర్వాత.

100 మీటర్లు అన్నది కొత్తగా ఉన్నప్పటి మాట. నీటిని ఆపేది రబ్బరు గ్యాస్కెట్లు. అవి చెమటకు, సబ్బుకు, వేడికి గట్టిపడతాయి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలితే ఇంకా తొందరగా. మెషిన్‌ను కొలిచి చూసి ఆగొచ్చు కానీ గ్యాస్కెట్ల విషయంలో క్యాలెండరే చూడాలి. నీళ్లలో దిగే అలవాటుంటే ఏటా ప్రెజర్‌ టెస్ట్‌ చేయించాలి, రెండు మూడేండ్లకు గ్యాస్కెట్లు మార్పించాలి.

ప్రశ్న: నా దగ్గర మూడు మెకానికల్‌ వాచీలున్నయి, లాకర్ల ఉంటయి. పెండ్లిళ్లకే పెట్టుకుంట. వాచీని తిప్పుతూ నడిపే వైండర్‌ డబ్బా కొనాల్నా?
– వనపర్తి పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. ఆగి ఉన్న వాచీ అరగదు. నెలకోసారి కీ ఇచ్చి ఒకరోజు నడిపితే చాలు, ఏడాదికోసారి పైన చెప్పిన గంటల పరీక్ష చేయండి. ఆగిన వాచీకి తేదీ సరిచేసేటప్పుడు ముందు ముళ్లను ఆరున్నర దగ్గరికి తెచ్చి, ఆ తర్వాతే తేదీ మార్చండి. చాలా మెషిన్లలో రాత్రి 9 నుంచి 3 మధ్య తేదీ పళ్లు పట్టుకుని ఉంటాయి, అప్పుడు బలవంతంగా మారిస్తే విరుగుతాయి.

ప్రశ్న: కంపెనీ సెంటర్‌కే ఇవ్వాల్నా, బయట ఇవ్వొచ్చా? ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలె?
– గద్వాల పాఠకుడు

జవాబు: మెషిన్‌ను బట్టి చెప్పాలి. ఈటీఏ కంపెనీ 2824 మెషిన్‌ లాంటివి చాలా బ్రాండ్లలో ఉన్నాయి, నేర్పున్న మెకానిక్‌ బయటా బాగు చేయగలడు. రోలెక్స్‌ లాంటి కంపెనీలు స్పేర్లు అందరికీ ఇవ్వవు, అక్కడ కంపెనీ దారే నయం.

బయట ఇచ్చేముందు ‘ఏ ఆయిళ్లు వాడతారు’ అని అడగండి. బ్యాలెన్స్‌ ఇరుసులకు పలుచని మోబియస్‌ కంపెనీ 9010, బరువు మోసే నిదానపు చక్రాలకు చిక్కని హెచ్‌పీ 1300, చక్రాన్ని ఆపుతూ వదిలే ప్యాలెట్‌ రాళ్లకు 9415, ఆటోమేటిక్‌ స్ప్రింగు డబ్బా లోపలి గోడకు 8217 గ్రీజు – ఇలా ఒక్కోచోట ఒక్కోటి పడాలి. అన్నిటికీ ఒకే సీసా చూపిస్తే లేచి వచ్చేయండి. మూత తీసి పైన నాలుగు చుక్కలు వేసివ్వడం సర్వీసింగ్‌ కాదు. పాత మురికి మీద కొత్త ఆయిల్‌ పడితే అది కూడా ముద్ద అవుతుంది. ప్రతి భాగం విప్పి, కడిగి, ఆరబెట్టి, ఆయిలింగ్‌ చేసి, గ్యాస్కెట్లు మార్చి, ఐదారు భంగిమల్లో టైమ్‌ సరిచేసి, నీటి పరీక్ష చేస్తేనే పని పూర్తయినట్టు.

రశీదు మీద సీరియల్‌ నంబరు రాయించండి, ముందూ వెనకా ఫొటోలు తీసుకోండి. ‘పాలిష్‌ వద్దు’ అని స్పష్టంగా రాయించండి. పాలిష్‌ చేసిన ప్రతిసారీ కేసు అంచులు గుండ్రబడతాయి, పోయిన లోహం తిరిగి రాదు. మార్చిన పాత భాగాలు ఇస్తారో లేదో ముందే తేల్చుకోండి. సర్వీసింగ్‌కు ముందూ తర్వాతా టైమ్‌గ్రాఫర్‌ అంకెలు అడిగి తీసుకోండి. రోలెక్స్‌, ఒమేగా కంపెనీలు తమ సర్వీసింగ్‌కు రెండేండ్ల గ్యారంటీ ఇస్తాయి. ఇంటికి తెచ్చిన మొదటి పదిహేను రోజుల్లోనే గంటల పరీక్ష మళ్లీ చేసి, అర్ధరాత్రి తేదీ పూర్తిగా మారుతోందా, క్రౌన్‌ సాఫీగా బిగుస్తోందా చూడండి. తేడా ఉంటే వెంటనే రాతపూర్వకంగా తెలపండి.