మా బాబుకు ఐక్యూ టెస్ట్ చేయించాలా?

హన్మకొండలో మూడో తరగతి చదివే మీ బాబు చదవడంలో వెనకబడ్డాడని, ఐక్యూ టెస్ట్ (తెలివితేటలను కొలిచే పరీక్ష) చేయించాలా అని అడిగారు. మీ బాబుకు చేయించండి. పిల్లలందరికీ మాత్రం అక్కర్లేదు.

1905లో ఫ్రాన్స్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ ఈ పరీక్షను తయారుచేసింది తెలివైనవాళ్లను ఏరడానికి కాదు, బడిలో ఎవరికి అదనపు సాయం కావాలో తెలుసుకోవడానికి. నా దృష్టిలో ఇప్పటికీ దాని సరైన ఉపయోగం అదే. సగటు స్కోరు 100. మూడింట రెండొంతుల మంది 85–115 మధ్యే ఉంటారు. ఆ రోజు జ్వరమున్నా, టెన్షన్ పడ్డా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడిని ఇంగ్లిష్‌లో అడిగినా స్కోరు తగ్గొచ్చు. అందుకే తెలుగులో చేసే క్లినికల్ సైకాలజిస్టును వెతకండి. అంతకన్నా ముందు కళ్లు, చెవులు చూపించండి. బోర్డు కనబడని పిల్లలను మొద్దు అంటుంటే కడుపు తరుక్కుపోతుంది.

డిస్లెక్సియా (చదవడం కష్టమయ్యే సమస్య) ఉన్న చాలామందికి ఐక్యూ మామూలుగానే ఉంటుంది, కాబట్టి చదవడం, రాయడం విడిగా పరీక్షించమనండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన సమస్యలను గుర్తించింది.

వేలిముద్రలతో తెలివి చెబుతామనే టెస్టులకు శాస్త్రీయ ఆధారం లేదు, వాటికి డబ్బు కట్టకండి. వచ్చిన స్కోరు చుట్టాల ముందు చెప్పకండి.