కొత్తగా ప్రాజెక్ట్ మేనేజర్ అయిన తమ్ముడికి

తమ్ముడూ,

ప్రమోషన్ వచ్చిందని చెప్పి, ఆ వెంటనే "అన్నా, స్ట్రిక్ట్‌గా ఉండాలా, ఫ్రెండ్లీగా ఉండాలా?" అని అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఇలా రాస్తున్నాను.

నా మొదటి బిల్డింగ్ ప్రాజెక్టులో నాకు తెలిసింది అరవడం ఒక్కటే. పనులు చకచకా అవుతున్నాయి కదా, ఇదే నాయకత్వం అనుకున్నాను. ఒకరోజు కాలమ్ (పిల్లర్) రాడ్లు గ్రిడ్ లైన్ నుంచి, అంటే డ్రాయింగ్‌లో వాటికి గీసిన గీత నుంచి, 40 మిల్లీమీటర్లు పక్కకి వచ్చాయని మా జూనియర్ ఇంజనీర్ సాయంత్రమే చూశాడు, కానీ నాకు చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే కాంక్రీట్ పోసేశాం. ముందే తెలిస్తే రెండు గంటల్లో సర్దే పని, ఆ తర్వాత పగలగొట్టడం, డిజైనర్ చుట్టూ తిరగడం, మళ్ళీ రాడ్లు దించడం, అంతా కలిపి వారం పట్టింది. ఎందుకు చెప్పలేదని అడిగితే ఆ కుర్రాడు హెల్మెట్ పట్టీని వేళ్ళతో మెలిపెడుతూ "మీరు అప్పటికే కోపంగా ఉన్నారు సార్" అన్నాడు. తప్పు వాడిది కాదు, నాది.

1939లో కుర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు పదేళ్ళ వయసు పిల్లల క్లబ్బుల్లో మూడు రకాల నాయకత్వాలను పోల్చి చూశారు: పెత్తనం చేసేది, అందరినీ కలుపుకుపోయేది, ఎవరిష్టానికి వాళ్ళని వదిలేసేది. పెత్తనం చేసే నాయకుడు ఉన్నంతసేపూ పని బాగానే సాగింది, ఆయన గదిలోంచి బయటికెళ్తే మాత్రం పిల్లలు పని వదిలేసేవారు. సైట్‌లో నువ్వు ఒక మూల ఉంటే తొమ్మిది మూలల్లో ఉండవు, అందుకే ఈ విషయం మనకి మరీ ముఖ్యం.

అలాగని ఎప్పుడూ మెత్తగా ఉండమనట్లేదు. స్లాబ్ పోసే రోజు చర్చలుండవు, ఒక్కరి మాటే నడవాలి. ఎందుకంటే కింది పొర బిగిసేలోపు పై పొర పడకపోతే కోల్డ్ జాయింట్ వస్తుంది, అంటే రెండు పొరలు సరిగ్గా కలవని బలహీనమైన అతుకు. కాంక్రీట్ జారట్లేదు, ట్రక్కులో కాస్త నీళ్ళు పొయ్యమని ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు కుదరదని గట్టిగా చెప్పు. నీళ్ళు ఎక్కువైతే కాంక్రీట్ బలం తగ్గుతుంది, అది 28 రోజుల క్యూబ్ టెస్ట్‌లో (అదే కాంక్రీట్‌తో పోసిన దిమ్మెల బలం చూసే పరీక్షలో) బయటపడేసరికి పైన ఇంకో అంతస్తు లేచి ఉంటుంది.

కానీ ముందురోజు వేరు. షట్టరింగ్ (కాంక్రీట్ పోసే అచ్చు) కట్టే మేస్త్రీ పక్కన నిలబడి, ఏ మూల నుంచి మొదలుపెడదాం, ఎక్కడ ఇబ్బంది రావచ్చు అని అడుగు, అడిగాక నోరు మూసుకుని విను. డ్రాయింగ్‌లో కనపడనివి ఆయనకి కనపడతాయి. పని తెలిసినవాడికి పదే పదే చెప్పకు, కొత్తవాడిని ఒంటరిగా వదిలెయ్యకు. 1969లో హెర్సీ, బ్లాంచర్డ్ అనే మేనేజ్‌మెంట్ నిపుణులు ఇంచుమించు ఇదే చెప్పారు, మనిషి ఆ పనికి ఎంత సిద్ధంగా ఉన్నాడో దాన్ని బట్టి నాయకుడు తన తీరు మార్చుకోవాలని.

ఇంకో సంగతి, ఇది మన రంగంలో మరీ ఎక్కువ. సైట్‌లో చాలామంది నీ ఉద్యోగులు కారు, సబ్ కాంట్రాక్టర్ల మనుషులు. నీ హోదా చూసి వాళ్ళు భయపడరు. జరిగిన పని కొలతలు సరిగ్గా రాసి, బిల్లు ఆపకుండా సంతకం పెడితే మాత్రం నువ్వు అడిగిన రోజు రాత్రి షిఫ్ట్‌కి మనుషుల్ని పంపుతారు.

సేఫ్టీ దగ్గర మాత్రం ఏ స్టైలూ లేదు. మనిషి లోతు గొయ్యికి పక్కలకి దన్ను పెట్టకపోతే ఎవరినీ దిగనివ్వకు, ఎంత లేటయినా సరే. ఒక ఘనమీటరు మట్టి టన్నున్నర పైనే తూగుతుంది. అది మీద పడితే బయటికి లాగే టైముండదు.

నీ దగ్గరికి మొదటి చెడ్డవార్త తెచ్చినవాడిని "ఎవడు చేశాడు" అని అడగకు. "ఇప్పుడేం చేద్దాం" అని అడుగు, నీ మొహం చూసి మిగతావాళ్ళు చెప్పాలా వద్దా అన్నది ఆ క్షణంలోనే తేల్చుకుంటారు. మొదటి స్లాబ్ ముందురోజు రాత్రి నాకు ఫోన్ చెయ్యి, చెక్‌లిస్ట్ ఇద్దరం కలిసి చూద్దాం.

నీ అన్న